బొంబాయి చిప్పు

పర్వతాలు చివరగా చేసిన పని, ఒక చిప్పును రబ్బరుతో రుద్దడం.

కోస్గి బస్టాండు పక్కన, ఆయన దుకాణంలోనే. ఫోనులో పాటలుండే మెమరీ కార్డును ఆ వైపు అందరూ చిప్పు అంటారు. గోరంత ఉంటుంది. వెనక పసుపు గీతలుంటాయి. ఆ గీతలకు చెమట పట్టినా, సిమెంటు దుమ్ము పట్టినా ఫోను దాన్ని గుర్తుపట్టదు. కొత్తది కొనుక్కోమని చెప్పే దుకాణాలు ఆ వరుసలో మూడున్నాయి. పర్వతాలు మాత్రం బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే తెల్ల రబ్బరు తీసేవాడు. చిప్పును చూపుడువేలి కొసన నిలబెట్టుకుని, పసిపాప ముక్కు తుడిచినంత మెల్లగా రుద్దేవాడు. ఉఫ్‌మని ఊదేవాడు. ఆ వారపు అంగడి రోజు పొద్దున కూడా అంతే చేశాడు. ఫోనులో పెట్టగానే పాట మొదలైంది.

"పాడుతాంది. తీస్కపో," అన్నాడు ఎదురుగా నిలబడ్డ ముసలాయనతో.

తర్వాత రోడ్డు దాటి ఆజం హోటలుకు పోయి, బయటి బెంచీ మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆజం చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. పర్వతాలు కళ్లు సగం మూసి ఉన్నాయి. తల కాస్త పక్కకు వాలింది. బస్టాండులో తాండూరు బస్సు వచ్చింది, పోయింది.

"చాయ్ మీద మీగడ గట్టింది బిడ్డా. అయినా నేను లేపలే," అని తర్వాత ఆజం ఉమారాణికి చెప్పాడు. "ఎవరో దారి చెప్తుంటె ఇంటున్నడు అనుకున్న. మీ నాయిన దారి ఇనేటప్పుడు గట్లనే గద కూసునేది."

ఉమారాణి హైదరాబాదు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక్కతే కూతురు. ఆ రోజు జరిగినవేవీ ఆమెకు వరుసగా గుర్తులేవు. వాకిట్లో పరిచిన చాప, ఎవరో తన చేతికిచ్చిన నీళ్ల చెంబు, నాయిన చొక్కా జేబులో అరిగిన రబ్బరు ముక్క, అంతే.

మూడో రోజు పిట్టకు పెట్టారు. గోడ మీద ఆకులో అన్నం పెట్టి దూరంగా నిలబడితే, కాకి ఒకటి ఎంతో ఆలోచించి వచ్చి ముట్టింది. చుట్టాలు భోజనాలకు కూర్చున్నాక శ్యామలమ్మ కూతురి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, నీ ఫోన్ల మీ నాయిన మాట ఏమన్న ఉన్నదా? ఒక్కపారి ఇనిపియ్యి. నాకు మొకం యాదికొస్తాంది గని, మాట యాదికొస్తలేదు."

ఉమారాణి వెతికింది. ఫోటోలు ఎన్నో ఉన్నాయి. చుట్టాల పెండ్లిలో తీసిన వీడియోలో పర్వతాలు కెమెరా చూడగానే నవ్వి పక్కకు తప్పుకుంటాడు. వాట్సాప్‌లో ఆమె పంపిన ప్రతి మాటకూ ఆయన పెట్టినవి బొటనవేలు బొమ్మలే. ఇద్దరు మేనత్తలు, ఆఫీసులో మేనేజరు, కూరగాయలు తెచ్చిచ్చే మనిషి, అందరి గొంతులూ ఆ ఫోనులో ఉన్నాయి. ఒక్క ఆయన గొంతే లేదు.

ఎందుకు లేదో ఉమారాణికి తెలుసు. శ్యామలమ్మకు తెలియదు. "దొరుకుతది అమ్మా. పెద్దకర్మ లోపల తెస్త," అని మాటిచ్చింది.

పర్వతాలుకు బస్సు పడదు. కురుమల ఇంట పుట్టి, చిన్నప్పుడు తండ్రితో గొర్ల వెంట పగలంతా నడిచినవాడు, బస్సు ఎక్కితే మాత్రం కొడంగల్ రాకముందే కక్కుకునేవాడు. నిమ్మకాయ వాసన చూశాడు, అల్లం నమిలాడు, ఎవరో చెబితే పొట్టకు పేపరు చుట్టుకున్నాడు. దేనికీ లొంగలేదు. సొంత పెండ్లికి మద్దూరు దాకా సైకిలు తొక్కుకుంటూ పోయాడు. ఆ మాట మీద శ్యామలమ్మ తమ్ముళ్లు ముప్పై ఏళ్లు నవ్వారు. అలాంటి మనిషి బస్టాండు పక్కన దుకాణం పెట్టుకున్నాడు. ముందు క్యాసెట్లు నింపేవాడు, తర్వాత సీడీలు. తెలంగాణ వచ్చేనాటికే అంతా చిప్పుల మయం. ఒక కంప్యూటరు, ఒక కార్డు రీడరు, 'కురుమూర్తి ఆడియో – పాటలు ఎక్కించబడును' అని ఎర్ర అక్షరాల బోర్డు.

పొద్దున్నే బొంబాయి బస్సు కదిలేది. జొన్నపిండి సంచులు, రేకు పెట్టెలు, నీళ్ల డబ్బాలు. బిల్డింగు పనులకు పోయేవాళ్లు అందులో ఎక్కేవాళ్లు. ముందు రోజే వచ్చి చిప్పుల్లో పాటలు ఎక్కించుకుని పోయేవాళ్లు. ఒకసారి మర్రిమాకుల గోపమ్మ అనే ఆమె వచ్చింది. కొత్తగా కొన్న బటన్ ఫోను ఆమె కొంగు ముడిలో ఉంది.

"అన్నా, బొంబాయి దాక సరిపోను ఎక్కియ్యి."

"బొంబాయి ఎంత దూరం చెల్లే?"

"మస్తు దూరం."

"మస్తంటె? ఎన్ని పాటలంత దూరం?"

గోపమ్మ పకపకా నవ్వింది. "నాకేమెరుక? నువ్వే ఎక్కి లెక్కవెట్టు!" అని, ఆయన సంగతి ఊరంతా తెలుసు కనుక, "పేపరు చుట్టుకొని ఎక్కు," అని కూడా అంది.

ఆ నవ్వు పర్వతాలులో ఎక్కడో దిగబడింది. అప్పటి నుంచి బొంబాయి బస్సు తిరిగొచ్చినప్పుడల్లా దుకాణం వదిలి స్టాండులోకి పోయేవాడు. పోయేవాళ్లకు తొందర, ఏడుపు, సామాన్ల గొడవ. దిగినవాళ్లకే తీరిక. దారి ఇంకా కండ్లలోనే ఉంటుంది వాళ్లకు. ఆజం హోటలు బెంచీ మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి అడిగేవాడు.

"సోలాపూర్ అవుతల ఏమున్నది?"

"ఏముంటది? రోడ్డుంటది."

"రోడ్డు గాదే తల్లీ. కంటికేం గొడ్తది?"

"చెరుకు. ఆ చెరుకు ఒడువనే ఒడువదన్నా, మా ఆయన తాగుడు లెక్క."

"ఎంతసేపు?"

"ఒక నిద్ర పట్టి తెలివొచ్చేదాక."

అది రాసుకునేవాడు. పొడుగాటి నోటుబుక్కు, అందులో గీత లాగా పోయే దారి. ఎక్కడ బస్సు ఆగుతుంది, ఎక్కడ పిల్లలు ఏడుస్తారు, ఎక్కడ రొట్టెలు కాలుస్తున్న వాసన వస్తుంది, ఎక్కడ మాట కన్నడం నుంచి మరాఠీకి మారుతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగేవాడు. వాళ్లు చెబుతుంటే ఆయన కళ్లు సగం మూతపడేవి, తల పక్కకు వాలేది. గుల్బర్గా నల్లరేగడి చేలు ఆయన రెప్పల కింద పరుచుకునేవి. ఎన్నడూ చూడని ఊళ్ల మీద పొద్దు వాలడం ఆయనకు కనిపించేది. ఆజం వచ్చి గ్లాసులు తీసుకుపోయినా తెలిసేది కాదు.

ఏడాది తిరిగేసరికి బొంబాయి చిప్పు తయారైంది. మొత్తం తొంభై ఆరు. ఫైళ్లకు పాటల పేర్లు లేవు, జాగల పేర్లున్నాయి. ఒకటో నంబరు కోస్గి, ఎందుకంటే ఎవరైనా లెక్క ఇంటి దగ్గరే మొదలుపెడతారు. తొంభై ఆరు బొంబాయి. జొన్నచేలు వచ్చే చోట పొడుగాటి ఒగ్గుకథ ముక్క. చెరుకు తోటలకు పాత సినిమా పాటలు, నిద్రకు అడ్డం రానివి. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట బతుకమ్మ పాటలు. మధ్య మధ్యలో, ముప్పై ఒక్క చోట, పాట లేదు. పర్వతాలు మాట ఉంది.

మధ్యాహ్నం స్టాండు సద్దుమణిగాక షట్టరు సగం దించి రికార్డు చేసేవాడు. ఇంటరు చదివే ఉమారాణి మూలన ప్లాస్టిక్ కుర్చీలో పుస్తకం పట్టుకుని కదలకుండా కూర్చునేది.

"భిగ్వన్ వచ్చింది. ఎడమ దిక్కు సూడు. నీళ్లు. మన సాగర్ లెక్క ఒడ్డు కానరాదు. నీళ్లల్ల ఎర్రగ నిలవడ్డయి సూడు, అవి కొంగలు గావు. యాడిదో దేశం పిట్టలు. అవి గూడ బతుకనీకె వచ్చినయే. తిండి దొరికినన్ని దినాలుండి, ఇంటికి పోతయి."

ఆమె మొదటి ప్రయాణాలన్నీ ఆ కుర్చీలోనే జరిగాయి. షట్టరు కింది నుంచి వచ్చే వెలుతురు పట్టీలో దుమ్ము లేచి ఆడేది. నాయిన గొంతు ఒక ఊరి తర్వాత ఒక ఊరిని నేల మీద పెట్టుకుంటూ పోయేది. నిద్రలో కూడా ఆమెకు ఎర్ర పిట్టలు కనిపించేవి. కొన్నిసార్లు అవి కోస్గి స్టాండులో, బస్సుల నీడల్లో, ఒంటికాలి మీద నిలబడి ఉండేవి.

తర్వాత ఫోనుకు నెట్ ఊరికే వచ్చినట్టు వచ్చింది. ఏడాదిలో వరుసలో పాటలెక్కించే దుకాణాలు ఫోను కవర్ల దుకాణాలయ్యాయి. నాగేందర్ అనే డిగ్రీ కుర్రవాడు పర్వతాలుకు కొత్త సంగతులు వివరించేవాడు.

"ఎక్కించుకునుడు లేదు కాకా. పాట అయిపోంగనె ఇంకో పాట దానంతటదే వస్తది."

"ఎట్ల ఏరుతదిరా?"

"మనమేమింటమో దానికెరుక."

"నువ్వు యాడున్నవో ఎరుకనా?"

"లొకేషన్ ఉంటది గద."

"కిటికీ పక్కన కూసున్నవో, ఇంజన్ మీద కూసున్నవో?"

నాగేందర్ నెత్తి గోక్కున్నాడు. పర్వతాలు గెలిచినట్టు నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. బోర్డు మీద ఎర్ర అక్షరాలు వెలిశాయి. అయినా బొంబాయి చిప్పు నడిచింది. దారిలో నెట్ ఉండీ లేనట్టుండేది. పెద్దవయసు కూలీలది బటన్ ఫోనే.

ఉమారాణి మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ముగించి, ఫోనులోనే ఒక పేజీ మొదలుపెట్టింది. పేరు 'దారెంట'. నందికొండలో సాగర్ డ్యాము గేట్లు ఎత్తిన రోజు గురించి, మర్రిగూడలో మంచినీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే చోటు గురించి రాసింది. వంద మంది చదివేవారు, అందులో సగం చుట్టాలు. రెండువేల పద్దెనిమిదిలో ఒక చలికాలం పొద్దున, నాయిన చిప్పు ఫోనులో వేసుకుని, ఆమె బొంబాయి బస్సెక్కింది. నాయిన చెప్పిన దారిని కండ్లతో చూసి రాయాలని.

బస్సు నిండా మనుషులున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె ఒక్కతే చెవుల్లో పాట పెట్టుకుని, కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. జొన్నచేలు వచ్చాయి, ఒగ్గుకథ వచ్చింది. ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. సోలాపూర్ దగ్గర ఆయన చెప్పిన చింతచెట్లు లేవు, రోడ్డు వెడల్పు చేశారు. భిగ్వన్ వచ్చింది. ఎడమ దిక్కు సూడు అన్నాడు నాయిన. ఎడమ వైపు ఒక పెట్రోలు బంకు ఉంది. నీళ్లు కుడి వైపు కిటికీల్లో, నిద్రపోతున్న మనుషుల తలల వెనక, ఒడ్డు లేకుండా మెరుస్తున్నాయి. కొండదారి ఘాట్ దగ్గర నాయిన "ఇగ ఎక్కుడే ఎక్కుడు. బస్సుకు దమ్మొస్తది," అంటున్నాడు. బస్సు బ్రేకులు మొత్తుకుంటుండగా కిందికి జారుతోంది, చెవులు దిబ్బడ వేస్తున్నాయి. ఆమె పైకే నవ్వేసింది.

వచ్చేటప్పుడు రైలెక్కి తాండూరులో దిగింది. రైల్లోనే, పై బెర్తు మీద పడుకుని, ఫోనులో రాసింది. 'బస్సెక్కని గైడు' అని పేరు పెట్టింది. కక్కుకునే సంగతి, పెండ్లి సైకిలు, పెట్రోలు బంకులో ఎర్ర పిట్టలు, అన్నీ. 'నాయిన ఘాట్ ఎక్కిస్తున్నాడు, డ్రైవరు దింపుతున్నాడు. ఇద్దరి మధ్య నేను' అనే వాక్యం ఆమెకు మరీ నచ్చింది. అది ప్రేమతోనే రాసింది. చివర్లో, ఇంత తప్పు దారిలో ఇంత ఇష్టంగా ఎవరూ నన్ను తీసుకుపోలేదు అని రాసింది. కానీ ఫోనులో చదివేవాళ్లు చివరిదాకా రారు. ఘాట్ వాక్యాన్ని ఫోటో తీసి పంపుకున్నారు. ఆమె ఇంటికి చేరకముందే అది కోస్గి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. ఆజం హోటల్లో నాగేందర్ పైకి చదివాడు.

"మీ నాయిన గూడ నవ్విండు," అన్నాడు ఆజం తర్వాత ఆమెతో. "అందరికన్న ముందుగల ఆయనే నవ్విండు."

ఆమె ఇంటికి రాగానే పర్వతాలు అడిగింది ఒకటే.

"నీళ్లు కుడి దిక్కున్నయా బిడ్డా?"

"అవ్ నాయినా."

"కండ్లార సూసినవా?"

"సూసిన."

"మంచిగున్నయా?"

"మస్తున్నయి నాయినా. నువ్వు చెప్పినట్టె, ఒడ్డు కానరాదు."

ఆయన తలూపాడు. ముఖంలో కోపం లేదు. వారం తర్వాత కంప్యూటరులో, ఆమె తిరిగిచ్చిన చిప్పులో చూస్తే ఆ ముప్పై ఒక్క మాటలూ లేవు. పాటలున్నాయి. నడుమ నంబర్లు పళ్లూడినట్టు ఖాళీగా ఉన్నాయి.

"ఎందుకు తీసేసినవ్ నాయినా? కుడి ఎడమ మార్చి మల్ల చెప్పు, రికార్డు చేద్దాం."

"నేను ఎవలెవలో చెప్పిందే చెప్పిన. నువ్వు పోయి సూసినవ్. నువ్వు సూసిందే నిజం గద. కూలికి పోయేటోళ్లకు తప్పుదారి చెప్తె పాపం తల్గుతది."

"గది చదివి అందరు ఇష్టపడ్డరు నాయినా!"

"నేను కాదన్ననా?" అన్నాడు నవ్వుతూ.

కోప్పడి ఉంటే ఆమె కాళ్లు పట్టుకునేది. ఆయన నవ్వినందుకు ఏం చేయాలో తెలియలేదు. ఆ రోజు నుంచి పర్వతాలు ఏ మైకులోనూ మాట్లాడలేదు. దుకాణంలో ఫోను స్పీకరు బాగుందో లేదో చూడటానికి కూడా, "హలో అను," అని ఎదుటివాళ్లతోనే అనిపించేవాడు.

ఆ రాత ఉమారాణికి ఉద్యోగం తెచ్చింది. హైదరాబాదులో ప్రయాణాల యాప్ నడిపే కంపెనీలో ఊళ్ల గురించి తెలుగులో రాయాలి. రోజుకు పన్నెండు ఊళ్లు, ఊరికి రెండు వందల మాటలు. ఫోటోలు వాళ్లే ఇస్తారు, మ్యాపు పక్కనే ఉంటుంది. ఆమె ఏసీ గదిలో కూర్చుని, పొగమంచు కొండల మీద కాఫీ తోటల మధ్య మిమ్మల్ని పిలుస్తోంది అని రాసేది. గుడికి ఎడమ వైపు కోనేరు అని రాసే ముందు మ్యాపును మూడుసార్లు తిప్పి చూసేది. ఆ సంగతి ఫోనులో చెబితే పర్వతాలు పగలబడి నవ్వాడు.

"బస్సెక్కకుండనే రాస్తున్నవా? నా బిడ్డవే పో!"

ఆ ఊపులో ఆమె అడిగేసింది. "నాయినా, మల్ల ఒక్కటి చెప్పు. నందికొండ దారి చెప్పు. నేను మ్యాపు పట్టుకుంట, నువ్వు మాట పట్టుకో. ఇద్దరం కలిసి చేద్దాం."

"చేద్దాంలే."

"ఎప్పుడు?"

"నువ్వు వచ్చినప్పుడు."

ఐదేళ్లు ఆమె వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఆయనకు ఏదో ఒక చిప్పు రుద్దే పని ఉండేది.

ఇప్పుడు తల్లికి ఇచ్చిన మాటకు ఎనిమిది రోజులున్నాయి. కంప్యూటరును మహబూబ్‌నగర్ తీసుకుపోయి చూపించింది. పాతవాటి మీద సినిమాలు ఎక్కాయి, కింద ఏమీ మిగల్లేదన్నారు. 'దారెంట' పేజీలో రాసింది, బొంబాయి చిప్పు ఎవరి దగ్గరైనా ఉందా అని. వేల మంది చూశారు. ఏడుపు బొమ్మలు పెట్టారు. పాత రాత గుర్తుపట్టి, 'ఘాట్ గైడు గారికి నివాళి' అన్నారు. ఒక్క చిప్పు రాలేదు. వలసపోయేవాళ్ల ఇండ్లకు స్వయంగా పోయింది. ఒకరి ఫోను బావిలో పడింది. ఒకరి చిప్పు నిండా మనవరాలి ఫోటోలే. "టచ్ ఫోన్ కొన్నంక పారేసిన," అన్నాడు పరశురాములు అనే మేస్త్రి, నేరం ఒప్పుకున్నట్టు. "యూట్యూబ్‌ల ఉండదా మేడం? అండ్ల అన్ని ఉంటయి గద."

ఆ రోజుల్లో ఆమె నాయిన గొంతును తలలో వినడానికి ప్రయత్నించేది. మాటలన్నీ గుర్తున్నాయి. గొంతు మాత్రం, నీళ్ల మీద పొగలా, దగ్గరికి పోగానే కనిపించకుండా పోయేది.

పెద్దకర్మ రోజు భోజనాల వేళకు గోపమ్మ వచ్చింది. అదే పొద్దున బొంబాయి బస్సు దిగింది. చంకలో మూట కూడా దించలేదు. జుట్టు తెల్లబడింది, చేతులకు సిమెంటు పగుళ్లు. శ్యామలమ్మను పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి కండ్లు తుడుచుకుని, "అన్న దారి చెప్పుకుంటనే తోల్కొచ్చిండు వదినా. నిన్నంత ఆయన మాటనే ఇనుకుంట వచ్చిన," అంది.

ఉమారాణి చేతిలోంచి విస్తరాకులు జారిపోయాయి.

"అత్తా, చిప్పున్నదా?"

"ఉండక? నాలుగు ఫోన్లు మారినయి, చిప్పు మారలే. మధ్యల పాడకపోతె అన్ననే రబ్బరు వెట్టి రుద్దిచ్చిండు."

కొంగు ముడి విప్పి బటన్ ఫోను తీసింది. మీట నొక్కుకుంటూ పోయి ఒకచోట ఆగింది. వాకిట్లో, వంటపాత్రల చప్పుడు మధ్య, పర్వతాలు మాట్లాడాడు. శ్యామలమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. ఆమె ఫోను వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది.

"భిగ్వన్ వచ్చింది. ఎడమ దిక్కు సూడు. నీళ్లు."

మాట ముగిసింది. మళ్లీ పెట్టమని శ్యామలమ్మ సైగ చేసింది. మళ్లీ విన్నారు. మూడోసారి అయ్యాక ఉమారాణి, అనాలనుకోకుండానే అంది.

"నీళ్లు కుడి దిక్కుంటయి అత్తా. నాయినకు ఎవరో తప్పు చెప్పిండ్రు."

"ఎవరో ఎందుకు, నేనే చెప్పిన," అంది గోపమ్మ. "ఎడమ దిక్కే. నిన్న గూడ సూసిన."

"నేను పోయిన గద. కుడి దిక్కున్నయి."

"పోయెటప్పుడు కుడి దిక్కే." గోపమ్మ ఆమె వైపు వింతగా చూసింది. "పోయెటప్పుడు ఎవరు సూస్తరు బిడ్డా? మొకం మీద కొంగేసుకొని పండుకుంటం. పిల్లల ఇడిసిపెట్టి పోతుంటిమి, పాటలు వెట్టుకుంటమా? గిది వచ్చెటప్పటి చిప్పు. ఆడ బస్సెక్కి, ఆఖరుది వెట్టి, ఎనుకకు ఒత్తుకుంట ఒత్తుకుంట వస్తం. ఘాట్ ఎక్కుతం, చెరువు సూస్తం. ఒకటో నంబరు పాడేసరికి కోస్గి."

"నాయినకు చెప్పినవా అత్తా, ఈ సంగతి?"

"చెప్పేదేమున్నది? అందరికెరుకే గద. అన్నకు ఎరుకలేదా?"

గోపమ్మ ఫోను ఉమారాణి చేతికిచ్చి, మూట దించుకోవడానికి వంగింది. చిన్న ఫోను, గుండ్రటి మీట. కుడివైపు బాణం గుర్తు కొన్ననాటిలాగే ఉంది. వెనక్కి తిప్పే ఎడమవైపు బాణం అరిగి అరిగి, అక్కడ గుర్తు ఉండేదని కూడా తెలియనంత తెల్లగా అయిపోయింది.